నల్లటి గుండ్రాలు కనిపిస్తున్నాయి, కణాలు కనిపించడం లేదు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది కల్వకుర్తి దగ్గర పల్లె. డిగ్రీ మొదటి సంవత్సరం, బీజెడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) చదువుతున్నాను. ఇంటర్‌లో ప్రాక్టికల్స్ సరిగా జరగలేదు. ఇప్పుడు ల్యాబ్‌లో ఐదుగురికి ఒక మైక్రోస్కోపు. ఉల్లిపొర పెట్టి చూస్తే నల్లటి అంచున్న గుండ్రాలే కనిపిస్తున్నాయి. అవే కణాలనుకొని రికార్డులో గీశాను, కావన్నారు. 40ఎక్స్ లెన్సుకు తిప్పితే అంతా చీకటి, ఒకసారి పైన కప్పే పల్చటి గాజు, కవర్ స్లిప్ కూడా పగిలింది. కాండం సెక్షన్ (పల్చటి అడ్డుకోత ముక్క) కోస్తే బిళ్ళల్లాగా వస్తున్నాయి. సాఫ్రనిన్ రంగు వేస్తే మొత్తం ఎర్రగా అయిపోతోంది. ఇంకో నెలలో ప్రాక్టికల్ పరీక్ష. మా ఇంట్లో మైక్రోస్కోపు లేదు. ఇంటి దగ్గర ఏమన్నా నేర్చుకోవచ్చా?

సమాధానం:

చెల్లె, నేర్చుకోవచ్చు, అదీ సగానికి పైగా. నువ్వు రాసిన తిప్పల్లో చాలావరకు స్లైడును మైక్రోస్కోపు స్టేజీ (స్లైడు పెట్టే పలక) మీద పెట్టక ముందే మొదలైనవి. పొర మడత పడడం, గాలి చిక్కడం, ముక్క మందంగా రావడం, రంగు కడగకపోవడం: వీటిలో దేన్నీ ఫోకస్ మర తిప్పి సరిచేయలేం. వీటిని సరిచేసుకోవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. ఒక బ్లేడు, గిన్నెడు నీళ్ళు, కిటికీ వెలుతురు చాలు.

ముందు ఆ నల్లటి గుండ్రాల సంగతి. అవి గాలి బుడగలు. నీళ్ళలోంచి గాలిలోకి పోయేటప్పుడు వెలుతురు బాగా వంగుతుంది. బుడగ అంచు దగ్గర వంగిన వెలుతురు లెన్సులోకి రాదు కాబట్టి అక్కడ మందమైన నల్లటి కట్టు కనిపిస్తుంది, నడుమ తెల్లగా మెరుస్తుంది. చిన్న బుడగలు చక్కని గుండ్రంగా ఉంటాయి. ఉల్లిపొర కణాలు గుండ్రంగా ఉండవు. గోడకు పేర్చిన ఇటుకల్లాగా పొడుగ్గా, ఒకదానికొకటి అంటుకొని, సన్నని గీతలతో కనిపిస్తాయి. ఒక్కో కణం పొడుగు సుమారు పావు మిల్లీమీటరు. గుర్తుపట్టడానికి ఇంకో తేలిక దారి ఉంది. కవర్ స్లిప్‌ను నీడిల్ మొనతో మెల్లగా తట్టు. బుడగలు జరుగుతాయి, కణాలు జరగవు.

మరి బుడగలు ఎందుకు వస్తున్నాయి? ఉల్లిగడ్డను నాలుగు ముక్కలు చేసి, కండ ఉన్న రేకు ఒకటి తీసుకో. ఆ రేకు లోపలి గుంట వైపు ఉన్న పొర కావాలి మనకు. రేకును వెనక్కి విరిస్తే గుంట వైపు సన్నని పొర వేలాడుతుంది. దాన్ని ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే తడి కాగితంలా ఊడొస్తుంది. ఉబ్బెత్తు వైపు పొర లాగితే దాంతోపాటు లోపలి కండ కూడా వస్తుంది, అందుకే అది మసకగా ఉంటుంది. ఊడిన పొరను గాలిలో పట్టుకొని చూస్తూ కూర్చోవద్దు. క్షణాల్లో చుట్ట చుట్టుకుంటుంది, ఆ మడతల్లో గాలి చిక్కుతుంది. వెంటనే వాచ్ గ్లాసులో (చిన్న గాజు పళ్ళెంలో) నీళ్ళలో వెయ్యి. నీళ్ళలోనే బ్లేడుతో 5 మి.మీ. చదరపు ముక్క కోసి, స్లైడు మీద ముందే వేసి ఉంచిన నీటి చుక్కలోకి బ్రష్‌తో జార్చు. ముక్క మీద చుక్క వేయడం కంటే చుక్కలో ముక్క వేయడం మేలు, కింద గాలి మిగలదు. మడతలుంటే రెండు నీడిల్స్‌తో సాపు చెయ్యి.

తర్వాత కవర్ స్లిప్. దాన్ని అంచులు పట్టి, 45 డిగ్రీల వాలులో నిలబెట్టి, ఒక అంచును నీటి చుక్కకు తాకించు. నీళ్ళు ఆ అంచు పొడుగునా పాకేదాకా ఆగు. చాలామంది ఆగనిది ఇక్కడే. పాకిన తర్వాత పై అంచు కింద నీడిల్ పెట్టి, నీడిల్‌ను మెల్లగా వెనక్కి తీస్తూ దించు. నీళ్ళు ముందుకు నడుస్తూ గాలిని ఎదుటి అంచు నుంచి నెట్టేస్తాయి. పైనుంచి టక్కున వదిలితే గాలికి దారి ఉండదు. కవర్ స్లిప్ తేలుతూ జారుతుంటే నీళ్ళెక్కువైనట్టు, ఫిల్టర్ పేపర్ కొసను అంచుకు తాకించి పీల్పించు. మధ్యలో ఖాళీలు కనిపిస్తే నీళ్ళు తక్కువైనట్టు, అంచు దగ్గర ఒక బొట్టు వదిలితే తానే లోపలికి పోతుంది. ఈ పని ఇంట్లో ఇరవై సార్లు చెయ్యి. బుడగలు మామూలు కంటికే తెలుస్తాయి. స్లైడు, కవర్ స్లిప్ రెండూ సైన్స్ సామాన్ల దుకాణంలో దొరుకుతాయి.

నీళ్ళ గురించి ఒక మాట. మన నల్లగొండ, పాలమూరు వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్ళతో స్లైడు చేస్తే చుక్క ఆరుతున్నకొద్దీ అంచుల్లో సూదుల్లాంటివి, పలకల్లాంటివి కనబడతాయి. అవి ఉప్పు స్ఫటికాలు, వాటిని గీసి కణం లోపలి పదార్థమని రాసిన రికార్డులు మేం చూశాం. డిస్టిల్డ్ వాటర్ వాడు, లేదంటే ఫిల్టర్ ప్లాంటు నీళ్ళు. స్లైడు కడిగిన తర్వాత చివరి కడుగు కూడా ఆ నీళ్ళతోనే, ఆపై పాత నూలు గుడ్డతో తుడువు. ఎండాకాలం ఫ్యాను కింద ఉత్త నీటి చుక్క కొద్ది నిమిషాల్లోనే ఆరడం మొదలుపెడుతుంది, అంచుల నుంచి మళ్ళీ గాలి దూరుతుంది. రంగు వేసిన సెక్షన్లకైతే నీళ్ళకు బదులు ఒక చుక్క గ్లిజరిన్ వాడు, అది ఆరదు. బతికున్న కణాలకు మాత్రం గ్లిజరిన్ వద్దు. అది కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది, లోపలి పదార్థం గోడను వదిలి ముడుచుకుంటుంది. ఉల్లిపొరకు, చెరువులో దొరికే హైడ్రిల్లా ఆకుకు నీళ్ళే సరి.

ఇక వెలుతురు. నువ్వు 40ఎక్స్‌లో చూసిన చీకటికి కారణం ఇదే. మీ మైక్రోస్కోపుకు అద్దం ఉంటే, కిటికీకి ఎదురుగా పెట్టు. నేరుగా ఎండ పడే కిటికీ మాత్రం వద్దే వద్దు, అద్దంలోంచి సూర్యుడు కంట్లోకొస్తే చూపుకే ముప్పు. స్టేజీ కింద కండెన్సర్ (వెలుతురును స్లైడు మీదికి కూర్చే లెన్సు) ఉంటే అద్దం చదును వైపు తిప్పు, కండెన్సర్ లేకపోతే గుంట వైపు. కండెన్సర్ దాదాపు పైదాకా ఎత్తి, రవ్వంత దించు.

వెలుతురు దారిని చిన్నదీ పెద్దదీ చేసే ఐరిస్ డయాఫ్రమ్ మీట స్టేజీ కింద ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని ముట్టేవాళ్ళే తక్కువ, నిజానికి అన్నిటికంటే ఎక్కువ కదపాల్సింది దాన్నే. రంగు లేని ఉల్లిపొర గాజులా ఉంటుంది. ఐరిస్ పూర్తిగా తెరిస్తే ఆ వెలుగులో గీతలు కొట్టుకుపోతాయి, పొర ఉన్నట్టే తెలియదు. 10ఎక్స్‌లో ఐరిస్‌ను మూస్తూ రా, ఒకచోట కణ గోడలు గీసినట్టు తేలుతాయి. అక్కడ ఆపు. మరీ మూస్తే ప్రతి గీతకూ జంట గీతలు వస్తాయి, సన్నని వివరాలు పోతాయి. ఎంత తెరవాలో తెలియకపోతే ఐపీస్ (కన్ను పెట్టి చూసే పై లెన్సు) తీసేసి గొట్టంలోకి చూడు. అడుగున వెలుగు బిళ్ళ కనిపిస్తుంది. ఆ బిళ్ళలో మూడింట రెండు వంతులు వెలుగు కనిపించేలా ఐరిస్ పెట్టి ఐపీస్ మళ్ళీ పెట్టు. 40ఎక్స్‌కు మారినప్పుడు వెలుతురు చాలా తగ్గుతుంది. ఎందుకంటే నువ్వు చూసే చోటు అడ్డంగా నాలుగో వంతుకు, వైశాల్యంలో పదహారో వంతుకు కుదించుకుపోతుంది. అందుకే మారగానే ఐరిస్ మళ్ళీ తెరవాలి.

ఆ పదహారో వంతు లెక్కే ఇంకో సంగతి కూడా చెబుతుంది. 10ఎక్స్‌లో ఒక పక్కకున్న కణం 40ఎక్స్‌లో కనిపించనే కనిపించదు. తిప్పే ముందు కావలసినదాన్ని సరిగ్గా నడిమధ్యకు తెచ్చుకో. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది, పైకి జరిపితే కిందికి. చేతికి అలవాటయ్యే దాకా న్యూస్‌పేపర్‌లోంచి ఒక చిన్న అక్షరం కోసి, చుక్క నీళ్ళలో పెట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ సాధన చెయ్యి. తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది.

కవర్ స్లిప్ ఎందుకు పగిలిందో చూద్దాం. 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌కూ (స్లైడు వైపు ఉండే లెన్సుకూ) స్లైడుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. 40ఎక్స్‌లో అది సుమారు అర మిల్లీమీటరు. స్లైడు గాజు మందమే 1 మి.మీ. దాటుతుంది, కవర్ స్లిప్ మందం సుమారు 0.17 మి.మీ. కాబట్టి నువ్వు స్లైడును తిరగేసి పెట్టి ఉంటే, అంటే కవర్ స్లిప్ కిందికి వస్తే, 40ఎక్స్‌లో ఫోకస్ ఎన్నటికీ రాదు. రావడం లేదని ఇంకా దగ్గరికి తిప్పుతాం, లెన్సు గాజును నొక్కుతుంది. కవర్ స్లిప్‌లు రెండు అంటుకొని వచ్చినా, సెక్షన్ మందంగా ఉన్నా ఇదే జరుగుతుంది. పెట్టె కొత్తదైతే అవి జంటగా అంటుకొని ఉంటాయి, అంచు చూసి విడదీసుకో.

వరుస ఇలా ఉండాలి. ఉంటే 4ఎక్స్‌తో, లేకుంటే 10ఎక్స్‌తో మొదలుపెట్టు. కంటిని ఐపీస్ దగ్గర కాకుండా పక్కన పెట్టి, లెన్సూ స్లైడూ తాకేంత దగ్గరయ్యే దాకా పెద్ద మర తిప్పు. కొన్నింట్లో స్టేజీ కదులుతుంది, కొన్నింట్లో గొట్టం కదులుతుంది, ముందే చూసుకో. తర్వాత ఐపీస్‌లో చూస్తూ దూరం జరిగే వైపే తిప్పు. దూరం చేస్తూ ఫోకస్ పట్టేవాళ్ళు స్లైడు పగలగొట్టరు. బొమ్మ వచ్చాక చిన్న మరతో సరిచేసి, మధ్యకు తెచ్చి, పెద్ద మర ముట్టకుండా 40ఎక్స్ తిప్పు. టక్కుమని కూర్చోవాలి. తిరిగేటప్పుడు కూడా పక్క నుంచే చూడు. ఇక చిన్న మర మాత్రమే, అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు. అంతలో రాకపోతే తప్పు వేరే చోట ఉంది, 10ఎక్స్‌కు వెనక్కి పో. ఐపీస్ దగ్గర నల్లటి వెంట్రుకలు ఊగుతున్నట్టుంటే అవి నీ కనురెప్పల వెంట్రుకలే, కొంచెం వెనక్కి జరుగు. రెండో కన్ను మూయొద్దు, తెరిచే ఉంచు. రెండు రోజుల్లో అలవాటవుతుంది, తలనొప్పి తగ్గుతుంది.

మచ్చ ఒకటి ఎప్పుడూ కనిపిస్తుంటే ఐపీస్‌ను వేళ్ళతో తిప్పు. మచ్చ తిరిగితే దుమ్ము ఐపీస్ మీద ఉంది. స్లైడు జరిపినప్పుడు జరిగితే స్లైడు మీద ఉంది. మచ్చ లేకుండా అంతా పొగమంచులా ఉంటే 40ఎక్స్ మొనకు గ్లిజరినో రంగో అంటుకుంది. లెన్స్ పేపర్‌తో వెంటనే తుడవాలి, ఆరితే వదలదు. చున్నీతో తుడవొద్దు, బట్టలో దుమ్ము లెన్సును గీకుతుంది.

ఇప్పుడు నువ్వు ఇంట్లో చేయాల్సిన అసలు పని: సెక్షన్ కోయడం. ఇది చేతి పని. చెప్తే రాదు, వంద కోస్తే వస్తుంది. పొలం గట్ల మీద, రోడ్డు పక్కన గడ్డి చామంతి ఎక్కడైనా దొరుకుతుంది. ముదరని కాండం, కణుపుకూ కణుపుకూ మధ్య ముక్క రెండు అంగుళాలు తీసుకొని నీళ్ళలో వెయ్యి. వాడిపోయిన కాండం బ్లేడు కింద నలుగుతుంది, తెగదు. గడ్డం గీసుకునే కొత్త బ్లేడు కావాలి. ఒక అంచుకు ప్లాస్టర్ అంటించుకో, లేకపోతే వేలు తెగుతుంది.

కాండాన్ని ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిట్టనిలువుగా పట్టు. బొటనవేలు కిందికి, చూపుడువేలు కొంచెం పైకి ఉండాలి. బ్లేడు చూపుడువేలి మీద ఆనుకొని అడ్డంగా నీ వైపు జారుతుంది, బొటనవేలు దాని దారిలో ఉండదు. ముందు పై కొసను ఒక్క కోతతో చదును చేసి పారేయి. తర్వాత కాండం కొసనూ బ్లేడునూ నీళ్ళలో తడుపు. పొడి బ్లేడుకు ముక్క అతుక్కొని చిరుగుతుంది. ఇప్పుడు బ్లేడును ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా ఒకే ఊపులో లాగు. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే ముక్క మీద మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. ఒక్కో ముక్కను చూసుకుంటూ ఆగొద్దు. పదిహేను ఇరవై వరసగా కోసి, తడి బ్రష్‌తో నీళ్ళ గిన్నెలోకి దించి అప్పుడు ఏరు.

నీకు బిళ్ళలు ఎందుకొస్తున్నాయంటే, నిండు గుండ్రం ముక్క రావాలని బ్లేడును లోతుగా దింపుతున్నావు. నిండు గుండ్రం అవసరం లేదు. ఒక పక్క పావు వంతు ముక్క పల్చగా వస్తే చాలు, నాళికా పుంజాలు (నీళ్ళూ ఆహారమూ మోసే నాళాల కట్టలు) రెండు మూడు అందులోనే ఉంటాయి. బొమ్మ ఎలాగూ ఒక భాగమే పెద్దగా గీస్తాం. గిన్నె కింద తెల్ల కాగితం, ఆ కాగితం మీద పెన్నుతో ఒక అక్షరం పెట్టుకో. ముక్కలోంచి అక్షరం స్పష్టంగా చదవగలిగితే అది పనికొస్తుంది. తెల్లగా పాలలా అడ్డం పడితే పారేయి. పనికొచ్చేది ఒకటి రెండు కణాల మందమే ఉంటుంది. బ్లేడు ఒక పక్కకు వాలితే కణాలు ఏటవాలుగా తెగి, గుండ్రంగా ఉండాల్సిన దారు నాళాలు (నీళ్ళు మోసేవి) కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తాయి. అప్పుడు కాండం నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకో.

ఆకు పల్చగా ఉంటుంది, వేళ్ళ మధ్య నిలబడదు. క్యారెట్ ముక్కను నిలువునా చీల్చి ఆ చీలికలో ఆకు ముక్క పెట్టి రెండూ కలిపి కోయి. చాలామంది ఆలుగడ్డ వాడతారు. అది వాడితే పిండి రేణువులు రాలి సెక్షన్ నిండా పడతాయి, ఆకులోవే అనుకుంటాం. క్యారెట్‌తో ఆ బెడద తక్కువ.

రంగు సంగతి. 1 శాతం సాఫ్రనిన్ వాచ్ గ్లాసులో పోసి, పల్చటి సెక్షన్లు మూడు నాలుగు వేసి, రెండు మూడు నిమిషాలు ఉంచు. తర్వాత నీళ్ళలోకి మార్చు, ఆ నీళ్ళు ఎర్రబడితే మళ్ళీ మార్చు, రంగు దిగడం ఆగేదాకా. నువ్వు కడగకుండా ఎత్తి పెట్టి ఉంటావు. సాఫ్రనిన్ మొదట అన్ని కణాలకూ పట్టుకుంటుంది. లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉన్న దారువు గోడలు దాన్ని గట్టిగా పట్టుకొని వదలవు. వల్కలం (బాహ్యచర్మం కింది భాగం), దవ్వ (కాండం నడిమి భాగం) కణాల గోడలు సెల్యులోజ్‌వి, అవి కడిగితే వదిలేస్తాయి. ఆ తేడా కోసమే రంగు వేస్తున్నాం, కడగడంలోనే ఆ తేడా తేలుతుంది. నీళ్ళతో పోకపోతే 50 శాతం ఆల్కహాల్‌లో కొన్ని క్షణాలు ముంచి వెంటనే నీళ్ళలోకి తియ్యి. ఎక్కువసేపు ఉంచితే దారువు కూడా వెలిసిపోతుంది. ఆపై గ్లిజరిన్ చుక్క, కవర్ స్లిప్.

ఉల్లిపొరకు సాఫ్రనిన్ బదులు పలచని అయోడిన్ ఒక చుక్క వెయ్యి, కేంద్రకం పసుపు గోధుమ రంగులో తేలుతుంది. రంగు వేయడం మర్చిపోయి కవర్ స్లిప్ పెట్టేస్తే తీయొద్దు. ఒక అంచున అయోడిన్ వదిలి, ఎదుటి అంచున ఫిల్టర్ పేపర్ పెట్టి పీలిస్తే రంగు అడుగు నుంచి నడిచిపోతుంది.

ముందు ముందు ఉల్లి వేరు కొనలతో సమవిభజన (కణం రెండుగా విడిపోవడం) స్లైడు కూడా చేయాల్సి వస్తుంది, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఉల్లిగడ్డ అడుగు నీటిని తాకేలా సీసా మూతి మీద నిలబెట్టి, నీళ్ళు రోజూ మార్చు. వేర్లు 1 నుంచి 2 సెం.మీ. రాగానే పొద్దున పూట కోసి, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచాలి. వాచ్ గ్లాసులో అసిటోకార్మైన్ రంగు తొమ్మిది చుక్కలు, 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి, స్పిరిట్ దీపం మీద మరగనీయకుండా వెచ్చచేసి, ఐదు పది నిమిషాలు వదిలేయాలి. ముదురు రంగు పట్టిన చిట్టచివరి 1 నుంచి 2 మి.మీ. మాత్రమే కోసి, మిగతాది పారేయాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. కొన వదిలి పైముక్క తీసుకుంటే పొడుగు కణాలే వస్తాయి, విభజన ఒక్కటీ ఉండదు. కవర్ స్లిప్ వేసి, పెన్సిల్ వెనక రబ్బరుతో తట్టి, బ్లాటింగ్ పేపర్ మడతలో పెట్టి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. పక్కకు జారితే కణాలు దారాల్లా చుట్టుకుపోతాయి. ఉల్లికి క్రోమోజోములు 16.

ల్యాబ్‌లో నీ వంతు కొద్ది నిమిషాలే వస్తుంది కాబట్టి, ఇంట్లోనే స్లైడు చేసి పట్టుకుపోవడం అలవాటు చేసుకో. ఫోకస్ సాధనకు పత్తి చేను నుంచి తెచ్చిన దూది పోగు, ఒక పాలిస్టర్ దారం పోగు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టు. దూది పోగు మెలితిరిగిన నాడాలా, పాలిస్టర్ నున్నని కడ్డీలా కనిపిస్తుంది. పై పోగు స్పష్టంగా ఉంటే కిందిది మసకగా ఉంటుంది. చిన్న మర ఎందుకుందో అప్పుడు చేతికి తెలుస్తుంది. ఇంట్లో గద్వాల చీర ఉంటే కొంగు దగ్గర ఊడిన పట్టు పోగు కూడా పక్కన పెట్టి చూడు.

చేయి కుదిరాక మన నేల మీది సరుకే బోలెడు. బత్తాయి ఆకును ఎండకు పట్టి చూస్తే చుక్కలు మెరుస్తాయి, అవి నూనె గ్రంథులు. ఆకు అడ్డుకోతలో పెద్ద గుండ్రటి గదుల్లా ఉంటాయి. మర్రి ఆకు అడ్డుకోతలో బాహ్యచర్మం దగ్గర ఒక పెద్ద కణంలో ద్రాక్ష గుత్తి వేలాడినట్టు కాల్షియం కార్బొనేట్ గడ్డ కనిపిస్తుంది. అంచున చుక్క వెనిగర్ వదిలితే బుడగలొచ్చి కరిగిపోతుంది. ఊళ్ళో మర్రి ఉంటే ఆ ఆకు చాలు, పిల్లలమర్రి దాకా పోయి ఆ ముసలి చెట్టు ఆకులు తెంపకు. ఆముదం గింజ పెంకు తీసి లోపలి తెల్లటి పప్పును పల్చగా కోసి గ్లిజరిన్‌లో పెడితే ప్రోటీన్ రేణువులు కనిపిస్తాయి. ఆముదం గింజ విషం, గన్నేరు పాలూ విషమే. కోసిన చేతులు సబ్బుతో కడిగాకే ఇంకేదైనా ముట్టు.

ఈ నెల రోజులూ పొద్దున పది నిమిషాలు సెక్షన్లు కోయి. పరీక్ష రోజు కొత్త బ్లేడు, సన్నని బ్రష్, రెండు నీడిల్స్, చిన్న సీసాలో డిస్టిల్డ్ వాటర్, నాలుగు కవర్ స్లిప్‌లు నీవే పట్టుకుపో. ఇచ్చిన కాండం తీసుకోగానే ముందు నీళ్ళలో ముంచు. ఐదారు పల్చటి ముక్కలకు రంగు వేసి, రెండు స్లైడులు చెయ్యి. బాగున్నది 10ఎక్స్‌లో ఫోకస్ చేసి పెట్టి, రెండోది పక్కన ఉంచుకో. చూసేవాళ్ళు మర తిప్పి బొమ్మ పోగొడితే మళ్ళీ 10ఎక్స్ నుంచే మొదలుపెట్టు.